వాతావరణ రిమోట్ సెన్సింగ్‌లో పరిశోధన చేయాలనుందా? ఇలా మొదలుపెట్టండి

తుపాను వస్తోందంటే టీవీలో ఉపగ్రహ చిత్రాలు చూస్తుంటాం. ఏ ఎత్తులో ఎంత వేడి, ఎంత తేమ ఉందో ఉపగ్రహాలు, రాడార్ల సాయంతో దూరం నుంచే తెలుసుకోవడాన్ని వాతావరణ రిమోట్ సెన్సింగ్ అంటారు. మీరు ఎమ్మెస్సీ ఫిజిక్స్ లేదా వాతావరణ శాస్త్రం చదివి ఉంటే ఈ రంగంలో పరిశోధనకు ప్రయత్నించవచ్చు.

ఏం నేర్చుకోవాలి?

ఉపగ్రహం గాలి ఉష్ణోగ్రతను నేరుగా కొలవదు. గాలి, మేఘాలు, నేల నుంచి వచ్చే పరారుణ, మైక్రోవేవ్ కిరణాలను నమోదు చేస్తుంది. వాటి ఆధారంగా ఉష్ణోగ్రతను లెక్కగట్టాలి. ఆ లెక్కను రేడియోసాండ్ బెలూన్లు ఇచ్చే కొలతలతో సరిచూడాలి. ఇక్కడ తప్పు దొర్లితే వాతావరణ అంచనా కూడా దెబ్బతింటుంది. కాబట్టి పైథాన్‌లో మ్యాపులు గీయడం వస్తే సరిపోదు. మీ లెక్కలో తేడా ఎంత ఉండొచ్చో కూడా చెప్పగలగాలి.

ఎక్కడ నేర్పుతారు?

* డెహ్రాడూన్‌లోని ఐఐఆర్ఎస్: ఇస్రోకు చెందిన ఈ సంస్థ ఔట్‌రీచ్ కార్యక్రమం కింద ఆన్‌లైన్ కోర్సులు నిర్వహిస్తుంది. ఫీజు ఉండదు.
* హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ: ఉపగ్రహ సమాచార వినియోగంపై స్వల్పకాలిక శిక్షణ ఇస్తుంది.
* తిరుపతి సమీపంలోని గాదంకి: జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల (ఎన్ఏఆర్ఎల్) ఇక్కడే ఉంది. 53 మెగాహెర్ట్జ్‌పై పనిచేసే ఎంఎస్‌టీ రాడార్, లైడార్‌లతో పరిశోధన సాగుతుంది. రాడార్, లైడార్, బెలూన్ కొలతలను ఒకేచోట పోల్చి చూసే వీలుండటం దీని ప్రత్యేకత.

ఫెలోషిప్ ఎంత?

సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ సాధించాలి. ఫిజిక్స్‌తో పాటు భూ, వాతావరణ, సముద్ర శాస్త్రాలకు విడిగా పేపర్ ఉంది. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్‌కు నెలకు రూ.37,000, ఎస్ఆర్ఎఫ్‌కు రూ.42,000 చొప్పున ఇస్తున్నారు. ఇంటి అద్దె భత్యం అదనం.

దరఖాస్తుకు ముందు..

నోటిఫికేషన్‌లో వయోపరిమితి, అర్హత పరీక్ష వివరాలు చూసుకోండి. పీహెచ్‌డీకి ఏ విశ్వవిద్యాలయంలో నమోదు చేస్తారో చేరకముందే అడగండి. ఈలోగా ఇస్రో మోస్‌డాక్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, ఇన్సాట్ ఉష్ణోగ్రత వివరాలను ఒక రోజు బెలూన్ కొలతలతో పోల్చి చూడండి. రెండింటి మధ్య తేడా ఎందుకు వచ్చిందో వివరించగలిగితే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మీ సొంత పని ఒకటి ఉన్నట్టే.