నీలకురింజి పరిరక్షణ: పూలు లేని పదకొండేళ్లే కీలకం

పశ్చిమ కనుమల ఎత్తయిన గడ్డిమైదానాలలో పన్నెండేళ్లకొకసారి పూసే నీలకురింజిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య (ఐయుసిఎన్) 2024లో ఎర్ర జాబితాలో ముప్పును ఎదుర్కొంటున్న జాతిగా చేర్చింది. కేరళలోని మున్నార్ పరిసరాలలో ఈ మొక్క 2006, 2018 సంవత్సరాలలో సామూహికంగా పుష్పించింది. తదుపరి పుష్పకాలం 2030లో రావలసి ఉన్నది.

స్ట్రోబిలాంథస్ కుంతియానా అనే శాస్త్రీయ నామం గల ఈ పొద మన అడ్డసరం మొక్క కుటుంబానికే చెందినది. సముద్రమట్టానికి సుమారు 1,340 నుంచి 2,600 మీటర్ల ఎత్తున పెరుగుతుంది. ఒక ప్రాంతంలోని మొక్కలన్నీ ఒకే ఏడాది పూచి, విత్తనాలు రాల్చి, చనిపోతాయి. అందువలన తరువాతి తరానికి ఆధారం ఆ ఒక్క సీజను విత్తనమే. పూచిన కొమ్మను తెంచుకుపోయినా, విత్తనం రాలకముందే కొండకు నిప్పంటుకున్నా ఆ నష్టాన్ని మరుసటి ఏడాది పూడ్చుకునే అవకాశం ఆ మొక్కకు లేదు.

ఐయుసిఎన్ మదింపు ప్రకారం ఈ జాతి 34 చోట్ల మిగిలి ఉన్నది. వాటిలో 33 పశ్చిమ కనుమలలోనివి కాగా, ఒక్కటి మాత్రం తూర్పు కనుమలలో, తమిళనాడులోని ఏర్కాడు వద్ద ఉన్నది. ఆవాసంలో దాదాపు 40 శాతం ఇప్పటికే అంతరించింది. గడ్డి తప్ప చెట్లు లేని కొండలను బీడుభూములుగా భావించిన కాలంలో అక్కడ తేయాకు తోటలు, ఆపై వాటిల్, యూకలిప్టస్ వనాలు వెలిశాయి. పొట్టి పొదగా పెరిగే కురింజి ఆ చెట్ల నీడలో నిలువలేదు. నీలగిరులకు ఆ పేరు ఈ పూల వలననే వచ్చిందని ప్రతీతి. తెలుగునాట నీలగిరి చెట్టుగా పేరుబడినది మాత్రం ఈ పూలను తరిమిన యూకలిప్టస్ కావడం గమనార్హం.

ఇడుక్కి జిల్లాలోని 97 చదరపు కిలోమీటర్ల ఇరవికులం జాతీయ పార్కులో కురింజికి తగిన రక్షణ లభిస్తున్నది. నీలగిరి తార్ కోసం 1975లో అభయారణ్యంగా, 1978లో జాతీయ పార్కుగా ప్రకటించిన ప్రాంతమిది. పార్కు వెలుపలి కొండలదే అసలు సమస్య. 2006 అక్టోబరులో కేరళ ప్రభుత్వం వట్టవడ, కొట్టకాంబూరు గ్రామాల పరిధిలో సుమారు 3,200 హెక్టార్లతో కురింజిమల అభయారణ్యాన్ని ప్రకటించింది. అయితే ప్రాథమిక ప్రకటన తరువాత ఆ హద్దులలోని పట్టా భూములు, రైతుల హక్కులపై విచారణ జరిపి వాటిని పరిష్కరించనిదే తుది ప్రకటనకు వీలుండదు. ఆ విచారణ ఏళ్ల తరబడి సాగింది. 2006 నాటి మొక్కల విత్తనాలు మొలిచి, పెరిగి, 2018లో పూచేనాటికి కూడా హద్దుల వివాదం కొలిక్కి రాలేదు. పూలు కనిపించని ఏళ్లలో కురింజి పొదకూ మామూలు తుప్పకూ తేడా తెలియదు. అది ఉన్న నేలపై ఒత్తిడి పెరిగేది కూడా అప్పుడే.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972కు 2022లో చేసిన సవరణతో నీలకురింజి మూడవ షెడ్యూలులో చేరింది. మన తిరుమల, కడప కొండలకే పరిమితమైన సైకస్ బెడ్డోమైకి ఈ చట్టం కింద అంతకుముందు నుంచే రక్షణ ఉన్నది. షెడ్యూలులోని మొక్కలను అడవి నుంచి కోయడం, పెకలించడం, అమ్మడం శిక్షార్హమైన నేరాలు.

2018 ఆగస్టులో కేరళను ముంచెత్తిన వరదలు మున్నార్‌లో పుష్పకాలానికి, సందర్శకుల రాకకు ఆటంకం కలిగించాయి. ఇతర సంవత్సరాలలోనూ కురింజి పూసిందన్న వార్తలు వెలువడుతుంటాయి. ఇవన్నీ అవాస్తవాలు కావు. ఈ ప్రజాతిలో వేర్వేరు కాలచక్రాలు గల అనేక జాతులున్నాయి. నీలకురింజి సైతం కొండకొండకూ వేర్వేరు ఏళ్లలో పూయవచ్చు. కనుక పూల ఛాయాచిత్రంతో పాటు జాతి పేరు, కొండ పేరు నిర్ధారించుకొనడం అవసరం.