మంచు రాకముందు వేసవి విస్తరి

1833 మే 12న అమెరికాలోని బోస్టన్ రేవు నుంచి ‘టస్కనీ’ అనే ఓడ కలకత్తాకు బయల్దేరింది. అందులోని సరుకు 180 టన్నుల మంచుగడ్డ. చలికాలంలో మసాచుసెట్స్ చెరువులు గడ్డకట్టినప్పుడు, గుర్రాలు లాగే నాగళ్లతో గళ్లుగా గీసి, కోసి తీసిన గడ్డలవి. వాటికి వేడి తగలకుండా చుట్టూ దట్టంగా కప్పి, ఆఫ్రికా కొస మీదుగా పంపారు. నాలుగు నెలల పాటు, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి సాగిన ప్రయాణం అది. అయినా సెప్టెంబరులో కలకత్తా చేరేసరికి ఇంకా వంద టన్నుల దాకా గడ్డ మిగిలే ఉంది. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి సాహసమది. ఆ తర్వాత బొంబాయి, మద్రాసులకూ మంచు ఓడలు వచ్చాయి. మద్రాసు సముద్రపు ఒడ్డున 1842లో ఈ గడ్డల కోసం కట్టిన గుండ్రటి గిడ్డంగే ‘ఐస్ హౌస్’. 1897లో వివేకానందుడు బస చేసింది అందులోనే. ఇప్పుడది వివేకానంద ఇల్లం.

అయితే ఈ దేశానికి చల్లదనం బోస్టన్ ఓడలతోనే వచ్చిందనుకుంటే పొరపాటు. అక్బరు కొలువులో నీళ్లు చల్లబరిచే పద్ధతిని అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లో కొలతలతో సహా రాశాడు. ఒక సేరు నీళ్లు పోసిన లోహపు కూజాకు మూత బిగించాలి. వేరే పాత్రలో అయిదు సేర్ల నీళ్లు పోసి, రెండున్నర సేర్ల సురేకారం కలపాలి. ఆ నీళ్లలో కూజాను అర ఘడియ సేపు తిప్పాలి. సురేకారం కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది, కూజాలో నీళ్లు చల్లబడతాయి. ఫిరంగి మందులో వాడే ఈ సురేకారమే పాదుషా దాహం తీర్చిందన్నమాట. కొలువు లాహోరుకు మారాక ఉత్తరాది కొండల నుంచి మంచు తెప్పించుకున్నారు.

సామాన్యుడి నేర్పు ఇంకా గొప్పది. అలహాబాదు ప్రాంతంలో మంచు తయారుచేసే విధానాన్ని రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయుడు 1775లో వివరించాడు. ఆరుబయట రెండడుగుల లోతు గుంట తవ్వి, ఎండిన చెరకో మొక్కజొన్న చొప్పో మందంగా పరుస్తారు. దాని మీద మెరుగు పూయని లోతులేని మట్టి మూకుళ్లు వరసగా పెట్టి, కాచి చల్లార్చిన నీళ్లు పోస్తారు. మబ్బులేని చలికాలపు రాత్రి నీళ్లలోని వేడి ఆకాశంలోకి పోతుంది, కొంత ఆవిరితో పోతుంది, కింద పరిచిన చొప్ప నేల వేడిని పైకి రానివ్వదు. సూర్యోదయానికి ముందే మూకుళ్లలోని గడ్డను ఏరి, గొయ్యిలో దట్టించి వేసవి దాకా దాచేవారు.

దక్షిణాదిన ఆ పప్పులు ఉడకవు. మన రాత్రులకు అంత చలి లేదు. మరి ఇక్కడివాళ్లు వేసవిని ఎలా గట్టెక్కారు?

శ్రీకృష్ణదేవరాయల కావ్యం ‘ఆముక్తమాల్యద’ మొదటి ఆశ్వాసంలో ఇందుకు జవాబుంది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడనే భక్తుడు అతిథులకు ఏ కాలానికి తగిన భోజనం ఆ కాలంలో పెట్టేవాడు. వానాకాలంలో పప్పు, పోపు కూరలు, వరుగులు, వడియాలు, గడ్డపెరుగు. వేసవి వస్తే విస్తరి మొత్తం మారిపోతుంది. ముందు ఒంటికి చందనం. తర్వాత పొగలు తగ్గి నులివెచ్చగా ఉన్న అన్నం, తియ్యటి చారు, పలచటి అంబలి, చెరకు రసం, లేత కొబ్బరినీళ్లు, పళ్లు, పరిమళం పట్టిన చల్లటి నీళ్లు, ఊరిన మామిడి పిందెలు, నీళ్ల మజ్జిగ. అయిదు వందల ఏళ్ల నాటి ఈ వరసలో మంచు ఊసే లేదు, దాదాపు అన్నిట్లోనూ ఉన్నది నీరే. చెమటతో పోయిన నీటిని అంబలి, చారు, మజ్జిగ తిరిగి ఇస్తాయి. పోయిన ఉప్పును మామిడి పిందె ఇస్తుంది. మనవాళ్లు వేసవి తిండిని చల్లగా ఉండాలని కాదు, పలచగా ఉండాలని వండుకున్నారు.

చల్లటి నీళ్లకు కుండ ఉండనే ఉంది. కుండ చెమర్చి, ఆ తడి ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. గాలి పొడిగా ఉండే రాయలసీమ, తెలంగాణల్లో కుండనీళ్లు బాగా చల్లబడతాయి. ఉక్కపోత ఎక్కువైన కోస్తాలో అంతగా చల్లబడవు. వట్టివేళ్లు వేస్తే ఆ పరిమళం అదనం.

1870ల తర్వాత మంచు యంత్రాలు మన రేవు పట్టణాలకే వచ్చేశాయి. ఓడల వ్యాపారం కరిగిపోయింది. ఐసు ఫ్యాక్టరీల పుణ్యమా అని పుల్లైసు పల్లె బడి గేటు దాకా, సైకిలు మీద చెక్కపెట్టెలో ప్రయాణించింది. ఐస్‌క్రీమును చేత్తో తిప్పి చేసుకునే మరకు ఫిలడెల్ఫియాలో నాన్సీ జాన్సన్ అనే ఆవిడ 1843లోనే పేటెంటు తీసుకుంది. పాలడబ్బా చుట్టూ మంచు, ఉప్పు వేసి తిప్పడమే అందులో కిటుకు. హైదరాబాదు మొజంజాహీ మార్కెట్లో సీతాఫలం, మామిడి ఐస్‌క్రీములకు పేరు తెచ్చింది కూడా ఈ చేతిపనే.

ఉప్పు తగిలితే మంచు త్వరగా కరుగుతుంది. అలా కరగడానికి కావలసిన వేడిని పక్కనున్న పాల నుంచి లాక్కుంటుంది. అక్బరు కూజా చుట్టూ సురేకారం చేసినట్టే ఇక్కడ ఉప్పు చేస్తుంది. కాకపోతే ఈ మిశ్రమం సున్నాకు దిగువన దాదాపు 20 డిగ్రీల దాకా చల్లబడగలదు కాబట్టి పాలు గడ్డకడతాయి.

ఫ్రిజ్ లేకుండా ఇంట్లో కుల్ఫీ చేసుకోవడానికి ఇదే దారి. లీటరు గేదెపాలు సగానికి తక్కువయ్యేదాకా సన్నని సెగ మీద మరగనివ్వండి. నీళ్లు ఎంత ఇగిరితే కుల్ఫీలో మంచుపలుకులు అంత తగ్గుతాయి. నాలుగైదు చెంచాల చక్కెర, యాలకుల పొడి వేసి చల్లార్చి, మూత బిగుతుగా పట్టే చిన్న స్టీలు డబ్బాల్లో పోయండి. మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటిస్తే ఉప్పునీరు లోపలికి దిగదు. కుండలో మూడు పాళ్ల దంచిన ఐసుకు ఒక పాలు కల్లుప్పు కలిపి, డబ్బాలు అందులో కప్పెట్టి, పైన గోనెపట్టా చుట్టండి. మధ్యమధ్య కుండను కదుపుతూ, ఐసు తగ్గితే వేస్తూ ఉంటే పాలు బిగుసుకుంటాయి.

విష్ణుచిత్తుడి విస్తరికి ఇంతపాటి శ్రమ కూడా అక్కర్లేదు. రాగిపిండిని రాత్రే నీళ్లలో కలిపి ఉంచితే పొద్దుటికి కాస్త పులుస్తుంది. దాన్ని జారుగా ఉడికించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు కలుపుకుంటే అంబలి. కప్పు పెరుగుకు నాలుగు కప్పుల నీళ్లు పోసి చిలికి, ఉప్పు, దంచిన అల్లం, నలిపిన దబ్బాకు వేస్తే మజ్జిగ. ఎండన పడి వచ్చినవాళ్లకు ముందు ఇవ్వవలసినవి ఇవే. కుల్ఫీని సాయంత్రం తీరిగ్గా తినొచ్చు.