సెలవుల వెంట వచ్చే జ్వరం

1897 వేసవిలో డాక్టర్ రొనాల్డ్ రాస్ సెలవు పెట్టి ఊటీ వెళ్లాడు. దగ్గర్లోని సిగూరు లోయలోకి దిగి మలేరియా తెచ్చుకున్నాడు. ఆ ఏడాదే ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు.

మన కృష్ణా డెల్టాది వేరే కథ. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక కాలువల వెంట పంట వచ్చింది, నిలవనీరూ వచ్చింది. కోస్తా డెల్టాలను తరాల తరబడి పీడించింది బోదకాలు. ఏళ్ల తరబడి దోమలతో కుట్టించుకుంటే గానీ అది పట్టదు కాబట్టి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లను అంటేది కాదు.

చికున్‌గున్యా అలా కాదు, ఒక్క కాటు చాలు. 1963లో కలకత్తా, 1964లో మద్రాసు, మరుసటేడు విశాఖ, కాకినాడ, రాజమండ్రి. తర్వాత దశాబ్దాల పాటు దాదాపు కనబడకుండా పోయి, 2005 చివర్లో రాయలసీమలో మళ్లీ లేచింది. 2007లో కేరళ నుంచి బంధువుల ఇంటికి వెళ్లిన ఒక్క మనిషితో ఇటలీలోని రెండు పల్లెల్లో, చుట్టుపక్కల రెండు వందల మందికి పైగా మంచాన పడ్డారు.

ఇప్పుడు బాపట్ల దగ్గరి సూర్యలంక తీరం సంగతి చూడండి. శని, ఆదివారాల్లో, కార్తీక స్నానాలకు హైదరాబాద్ నుంచీ గుంటూరు నుంచీ జనం. చికున్‌గున్యానూ డెంగీనీ మోసే దోమ మామూలుగా కొన్ని వందల మీటర్లకు మించి పోదు, ఆ జ్వరాలను దూరాలు దాటించేది మనిషే. ఒంట్లో డెంగీ ఉన్నవాణ్ణి కుడితే, వైరస్ దోమ లాలాజలానికి చేరడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ఈలోగా అతను ఇల్లు చేరతాడు. వైరస్ చేరిన ఆ దోమ కాటు పడేది స్థానికుడికో, తర్వాత వచ్చిన యాత్రికుడికో. యాత్రికుడైతే జ్వరం తన ఊళ్లోనే బయటపడుతుంది, పొగమందు ఆ వీధిలోనే కొడతారు, తీరం మాట ఎవరికీ తట్టదు. అందుకే జ్వరమని వచ్చినవాణ్ణి డాక్టరు మొదట అడగాల్సింది, గత రెండు వారాల్లో ఎక్కడికి వెళ్లొచ్చారని. ఆ జవాబు సూర్యలంక అయితే బాపట్ల జిల్లా ఆరోగ్య అధికారులకూ అందాలి.

ఈ దోమ గుడ్లు పెట్టేది కూలర్ తొట్టెలో, మూతలేని డ్రమ్ములో, తాగి పారేసిన బొండాం డొక్కులో నీటి అంచుకు కాస్త పైన. నీళ్లు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, తడి తగిలితే పొదుగుతాయి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. తీరంలోని లాడ్జి గదులు ఖాళీగా ఉండే మామూలు రోజుల్లోనే ఆ నీళ్లు కదలకుండా ఉంటాయి. నిలవనీళ్లు పారబోసే శుక్రవారం డ్రైడే నాడు తొట్టె గోడల్ని కూడా పీచుతో తోమించాలి, శనివారం బండ్లు దిగకముందే.