గ్రామఫోను ప్లేట్లలో నిలిచిన కచేరీలు

ఆదివారపు ఆరాధనలో గాయక బృందము పాడుచుండగా ఎవరో ఒకరు దగ్గుదురు. ఎక్కడనో ఒక పసిబిడ్డ ఏడ్చును. పాటలు రికార్డు చేయు మన యువకులు ఆ శబ్దములను తీసివేయుటకు ఎంతో శ్రమపడుదురు. మేము ఇచ్చట వ్రాయబోవునది ఆ దగ్గును గూర్చియే. మన సంఘ చరిత్రకు ఇది దూరపు సంగతియని తోచినను, పాఠకులు ఓపికతో చదువవలెనని మనవి.

మేము వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో, సంగీతము నేర్పు మా ఉపాధ్యాయులు ఒక సాయంకాలము మాకు ఒక క్యాసెట్టు వినిపించిరి. అది మాహ్లర్ అను స్వరకర్త వ్రాసిన తొమ్మిదవ సింఫనీ. గంటకు మించిన వాద్యసంగీతము. పాట లేదు, మాట లేదు. దాచుకొనుట ఎందుకు, మాకు నిద్ర వచ్చెను. పైగా ఆ రికార్డులో జనుల దగ్గులు వినబడుచుండెను. మంచి రికార్డు దొరకలేదా అని మాలో ఒకరు అడిగిరి. ఉపాధ్యాయులు ఆ కచేరి జరిగిన తేదీని బల్లమీద వ్రాసి, మరుసటి వారము మరల వినిపించిరి. ఆ తేదీ 1938 జనవరి 16.

కచేరి జరుగుచుండగానే దానిని పట్టి ఉంచవలెనను ఆశ ఆ కాలమునకే పాతది. 1888 జూన్ 29న లండను నగరములోని క్రిస్టల్ ప్యాలెస్‌లో హాండెల్ ఉత్సవము జరిగెను. ఇశ్రాయేలీయులు ఐగుప్తునుండి బయలువెడలిన చరిత్రను ఆయన కూర్చిన సంగీత నాటకమును ఆ దినమున వేలమంది గాయకులు కలిసి పాడిరి. ఎడిసన్ ప్రతినిధియైన కర్నల్ గూరో అక్కడ మైనపు గొట్టములమీద ఆ ధ్వనిని ఎక్కించెను. వాటిలో కొన్ని నేటికిని నిలిచియున్నవి. ఏటి ఆవలి గట్టున పెనుగాలిలో ఒక జనసమూహము పాడుచున్నట్లు వినబడును, అంతే. అటుపిమ్మట చాల సంవత్సరములు వాద్యకారులు ఇరుకు గదిలో ఒక పెద్ద కొమ్ము ముందు గుమిగూడి వాయింపవలసి వచ్చెను. 1925లో మైకు వచ్చిన తరువాతనే నిండు సభలో జరుగు కచేరిని ఉన్నదున్నట్లు పట్టుకొనుట సాధ్యమాయెను.

ఈ పనిలో ఆరితేరినవాడు ఫ్రెడ్ గైస్‌బెర్గ్ అను అమెరికా దేశస్థుడు. ఈ పేరు మన దేశమునకు కొత్తది కాదు. 1902లో కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలను ప్లేట్లమీద ఎక్కించినవాడు ఇతడే. పాట ముగియగానే ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పుకొనుట ఆ పాత ప్లేట్లలో వినవచ్చును. ఆ గైస్‌బెర్గే ముప్పది అయిదేండ్లు గడచిన పిమ్మట తన యంత్రములతో వియన్నా నగరమునకు వెళ్లెను.

కచేరికి కండక్టరు బ్రూనో వాల్టర్. (కండక్టరనగానే మనకు బస్సు జ్ఞప్తికి వచ్చును, ఇచ్చట చేతికర్రతో వాద్యకారులందరిని నడిపించువాడని అర్థము.) ఆయన మాహ్లర్‌కు శిష్యుని వంటివాడు. 1911లో మాహ్లర్ చనిపోగా, ఆ మరుసటి ఏడు ఇదే సింఫనీని ఇదే వియన్నా బృందముతో లోకమునకు మొదటిసారి వినిపించినది ఆయనే. వాల్టర్ యూదుడు. 1933లో హిట్లరు అధికారమునకు రాగానే జర్మనీ విడువవలసి వచ్చి, ఆస్ట్రియాలో పని చేయుచుండెను. మాహ్లర్ కూడ యూదుడుగా పుట్టి, 1897లో కతోలిక సంఘములో బాప్తిస్మము పొందినవాడు. జర్మనీలో అప్పటికే అతని సంగీతము నిషిద్ధము. వయొలిను వాద్యకారులలో మొదటి పీఠమున అర్నాల్డ్ రోజే కూర్చుండెను. ఆయన మాహ్లర్ సోదరికి భర్త. 1881 నుండి ఆ పీఠము ఆయనదే. నలుగురు వాద్యకారులు గదిలో కూర్చుండి వాయించు ఛేంబర్ సంగీతములో రోజే క్వార్టెట్ పేరు ఐరోపాయంతట ఎరిగినదే.

ఒక్కొక్క ప్లేటు వైపున నాలుగైదు నిమిషముల సంగీతమే పట్టును. కనుక ఒక యంత్రముమీద మైనపు పలక నిండకముందే రెండవదానిని కదిలింపవలెను. ఆ కచేరి పది ప్లేట్లు, ఇరువది వైపులుగా వెలువడెను.

ఆ ఆదివారము తరువాత 55వ దినమున, అనగా మార్చి 12న, జర్మను సైన్యము ఆస్ట్రియాలో ప్రవేశించెను. వాల్టర్ అప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉండెను. మరల ఇల్లు చేరలేదు. వియన్నాలో ఉన్న ఆయన కుమార్తెను పోలీసులు పట్టుకొని కొంతకాలము నిర్బంధించిరి. రోజేను ఏబది యేడేండ్ల సేవ తరువాత వెళ్లగొట్టిరి. ఆయన లండను చేరి 1946లో అక్కడనే మృతి పొందెను. తండ్రితో కలిసి బాక్ సంగీతమును రికార్డుకిచ్చిన కుమార్తె ఆల్మా ఆష్విట్జ్ శిబిరములో స్త్రీల వాద్యబృందమును నడిపించుచు, 1944 ఏప్రిలులో అక్కడనే చనిపోయెను. ఆ బృందములో ఆమె ఆశ్రయముచే ప్రాణముతో బయటపడినవారు పలువురు. వియన్నా బృంద సభ్యులలో అయిదుగురు శిబిరములలో ప్రాణములు విడిచిరి. మరి ఇద్దరు హింసల ఫలితముగా వియన్నాలోనే మరణించిరి.

కాపరులమైన మేము మరియొక సంగతిని దాటిపోరాదు. ఆ మార్చి నెలలోనే ఆస్ట్రియా బిషప్పులు కొత్త ప్రభుత్వమును స్వాగతించు ప్రకటనమీద సంతకములు చేసిరి. కార్డినల్ ఇన్నిట్జర్ ఆ పత్రముతో పంపిన లేఖలో హిట్లరు వందనమును స్వహస్తముతో వ్రాసెను. అదే సంవత్సరము అక్టోబరులో యౌవనస్థుల యెదుట ఆయన ధైర్యముగా ప్రసంగించగా, మరునాడు మూకలు ఆయన భవనముమీద పడెను. రెండును నిజమే. మొదటిదానిని రెండవది తుడిచివేయదని మా అభిప్రాయము.

వాల్టర్ 1961లో, తన మరణమునకు ఒక సంవత్సరము ముందు, అమెరికాలో ఇదే సింఫనీని మరల రికార్డు చేసెను. సభ లేదు, దగ్గు లేదు. ధ్వని నిర్మలము, నడక నెమ్మది. సంగీతము ఎరిగిన కొందరు దానినే మెచ్చుకొందురు. మేము మాత్రము పాతదానిలో తడబాట్లున్నను దానినే వినుచుందుము. సింఫనీ చివరి పుటలో తీగ వాద్యములు తప్ప తక్కినవన్నియు మానివేయును. అవియు గొంతు తగ్గించుకొని, ఒక్కొక్క స్వరము వాయించి ఆగుచుండును. నిశ్శబ్దమైన అట్టి చోట్లనే ఆ సభలోని మనుష్యులు మనకు వినబడుదురు. వారిలో ఎవరెవరు మరుసటి శీతకాలమునకు ఆ నగరములో మిగిలిరో ప్లేటు చెప్పదు. ఒకరు దగ్గుదురు, వయొలినులు సాగిపోవును.