డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల వాడుక సౌలభ్యం

కంప్యూటరును వృత్తిగా చదువుకోని మనిషి ఉత్తరం టైపు చేసుకోవడం, ఫోటోలు దాచుకోవడం, రసీదు ప్రింటు తీసుకోవడం వంటి పనులను మరొకరిని పిలవకుండా పూర్తిచేసుకోగలిగితే, ఆ ఆపరేటింగ్ సిస్టమ్ వాడుకకు సులభంగా ఉందంటాం. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1998లో వెలువరించిన ఐఎస్ఓ 9241-11 ఈ గుణాన్ని మూడు కొలతలుగా విడదీసింది: పని సరిగ్గా పూర్తయిందా, అందుకు ఎంత శ్రమ పట్టింది, వాడినవారికి తృప్తి కలిగిందా. వాడేది ఎవరో, చేసే పని ఏదో, ఏ పరిస్థితిలో చేస్తున్నారో చెప్పాకే ఈ కొలతలకు అర్థం ఉంటుందని అదే ప్రమాణం షరతు పెట్టింది. విండోస్ తేలికా, మాక్ తేలికా, లినక్స్ తేలికా అని దశాబ్దాలుగా సాగుతున్న వాదం ఎంతకీ తెగకపోవడానికి కారణం ఆ షరతును ఎవరూ పట్టించుకోకపోవడమే. ఈ సిస్టమ్‌ల చరిత్రను వరసగా చూస్తే, రోజువారీ వాడకంలో సౌలభ్యమనేదాంట్లో పెద్ద వాటా చేతికి పట్టిన అలవాటుదేనని తేలుతుంది. రూపకల్పన నేర్పు ముఖ్యంగా రెండు చోట్ల అక్కరకొస్తుంది: అలవాటు ఇంకా ఏర్పడని తొలిరోజుల్లో, పొరపాటు జరిగిన క్షణంలో.

తెరమీద బల్ల, కాగితాలు, ఫోల్డర్లు ఉన్నట్టు చూపించే పద్ధతిని 1981లో జిరాక్స్ సంస్థ స్టార్ కంప్యూటరుతో మార్కెట్లోకి తెచ్చింది. దాని ధర 16 వేల డాలర్ల పైమాటే కావడంతో అది సామాన్యుల దాకా రాలేదు. 1984 జనవరిలో 2,495 డాలర్లకు వచ్చిన ఆపిల్ మాకింటోష్ ఆ పద్ధతికి పేరు తెచ్చింది. తెరమీది బొమ్మ నిజ వస్తువులా ఉంటే ఎవరూ నేర్పనక్కర్లేదని అప్పట్లో గట్టి నమ్మకం. అదే మాకింటోష్‌లో ఫ్లాపీని బయటికి తీయాలంటే దాని బొమ్మను చెత్తబుట్టలోకి లాగాలి. కొత్తగా చూసినవారికి అందులోని ఫైళ్లన్నీ చెరిగిపోతాయేమోనని భయం వేసేది. నాలుగు రోజులు వాడినవారు మాత్రం ఆలోచించకుండా లాగిపడేసేవారు. తర్వాత మాక్ ఓఎస్ టెన్‌లో డిస్కును లాగుతుండగా చెత్తబుట్ట బొమ్మ ఎజెక్ట్ గుర్తుగా మారేలా చేసి ఆ భయాన్ని తీర్చారు. మాకింటోష్ ప్రాజెక్టుకు తొలి బీజం వేసిన జెఫ్ రాస్కిన్ 1994లో రాసిన చిన్న వ్యాసంలో, చూడగానే అర్థమయ్యేదని మనం మెచ్చుకునేది నిజానికి మనకు ముందే తెలిసినదేనని వాదించాడు. ఆ మాట అన్నది ఆ బొమ్మల యంత్రానికి ఆద్యుడే కావడం గమనించాలి.

అయితే అంతా అలవాటేనని కొట్టిపారేస్తే, రూపకల్పనలో మంచిచెడ్డలే లేవనాల్సి వస్తుంది. అది నిజం కాదనడానికి విండోస్ 95 తయారీయే సాక్ష్యం. మైక్రోసాఫ్ట్ ఆ సిస్టమ్‌ను మామూలు జనం ముందు పెట్టి పదే పదే పరీక్షించి, ఫలితాలను 1996లో పరిశోధన పత్రంగా ప్రచురించింది. అంతకుముందు విండోస్ 3.1లో కిటికీని కుదిస్తే అది తెర అడుగున చిన్న బొమ్మగా మారి, తెరిచి ఉన్న ఇతర కిటికీల వెనక దాక్కునేది. చాలామంది ఆ ప్రోగ్రాం మూతపడిందనుకుని దాన్నే మళ్లీ తెరిచేవారు. డబుల్ క్లిక్ సంగతి కొత్తవారికి ఎవరో చెప్తే గానీ తెలిసేది కాదు. ఇక్కడ లోపం జనంలో లేదు, తెరమీద కనపడాల్సింది కనపడకపోవడంలో ఉంది. తెరిచిన ప్రతి ప్రోగ్రాం పేరునూ ఎప్పుడూ కళ్లెదుట ఉంచే టాస్క్‌బార్, ఒక్క క్లిక్కుతో తెరుచుకునే స్టార్ట్ బటన్ ఆ పరీక్షల ఫలితంగానే పుట్టాయి. 1995 ఆగస్టు 24న విడుదలైనప్పుడు, మొదలుపెట్టడానికి ఇక్కడ నొక్కండి అని ఆ బటన్‌కేసి కదిలే బాణం గుర్తు కూడా ఉండేది. కంప్యూటరును ఆపడానికి స్టార్ట్ నొక్కడమేమిటని లోకం నవ్వింది గానీ, ఆ నవ్విన చేతులే వారం తిరక్కుండా అటు వెళ్లడం నేర్చాయి. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు. పాత ప్రోగ్రాం మేనేజర్‌ను తొలగించకుండా లోపలే ఉంచారు కాబట్టి, కావాలనుకున్నవారు దానితోనే పని సాగించుకునే వీలుండేది.

ఆ జాగ్రత్త 2012లో కొరవడింది. ఆ అక్టోబరు 26న విడుదలైన విండోస్ 8, పదిహేడేళ్లుగా తెర ఎడమ మూలన ఉన్న స్టార్ట్ బటన్‌ను తీసేసి, యంత్రం ఆన్ చేయగానే రంగురంగుల పలకల తెరను ముందుకు తెచ్చింది. టాబ్లెట్‌ను వేలితో తాకేవారికి ఆ పలకలు బాగానే ఉన్నాయి. మౌస్ పట్టుకున్న గుమాస్తా పరిస్థితి వేరు. సాయంత్రం కంప్యూటరు ఆపాలంటే బాణాన్ని తెర కుడి మూలకు తీసుకెళ్లాలి, అక్కడ పక్కనుంచి జారివచ్చే పట్టీలో సెట్టింగ్స్ నొక్కాలి, తర్వాత పవర్, ఆ తర్వాత షట్‌డౌన్. కుడి మూలన అలాంటిదొకటి దాగి ఉందని చెప్పే గుర్తేదీ తెరమీద లేదు. ఇంట్లో స్విచ్‌బోర్డును రాత్రికి రాత్రి వేరే గోడకు, అదీ బీరువా వెనక్కి మార్చినట్టయింది. ఏడాది తిరిగేసరికి 2013 అక్టోబరులో వచ్చిన 8.1లో బటన్, 2015 జులైలో వచ్చిన విండోస్ 10లో మెనూ తిరిగి వచ్చాయి. 95 కూడా పాత అలవాట్లను మార్చిందే కదా అని అడగవచ్చు. 95 దాగినదాన్ని బయటపెట్టి మార్చింది, 8 బయట ఉన్నదాన్ని దాచి మార్చింది. మొదటి మార్పుకు జనం త్వరగా అలవాటుపడ్డారు, రెండోదానికి పడలేదు.

లినక్స్ కష్టమన్న అభిప్రాయాన్ని కూడా ఈ వెలుగులోనే చూడాలి. దానికి మూలమైన యూనిక్స్ కమాండ్ల తీరును వాడుక సౌలభ్యంపై పరిశోధించిన డొనాల్డ్ నార్మన్ 1981లోనే కటువుగా విమర్శించాడు, ఆ విమర్శలో న్యాయముంది. కానీ 2004లో ఉబుంటు అనే లినక్స్ రూపం వచ్చాక మామూలు వాడకంలో కమాండ్లు టైపు చేయాల్సిన అవసరం బాగా తగ్గింది. మిగిలిన కష్టం ఎక్కువగా బయటినుంచి వచ్చేదే: దుకాణంలో కొన్న కంప్యూటరులో చాలావరకు అది ముందుగా ఉండదు, ప్రింటరు కంపెనీ దానికి డ్రైవరు ఇవ్వకపోవచ్చు, ఏదైనా చిక్కొస్తే చెప్పే పక్కింటి కుర్రాడికి అది తెలియదు. జర్మనీలోని మ్యూనిక్ నగర పాలక సంస్థ 2003లో లినక్స్ వైపు వెళ్లాలని నిర్ణయించి, సుమారు 15 వేల కంప్యూటర్లను మార్చి, మళ్లీ 2017లో విండోస్‌కు వెళ్లిపోవాలని తీర్మానించింది. లినక్స్ సామాన్యులకు పనికిరాదనడానికి దీన్ని ఉదాహరణగా చూపుతుంటారు. ఆ వాదంలో లోపం కేరళను చూస్తే తెలుస్తుంది. అక్కడి ప్రభుత్వ పాఠశాలలు 2000ల దశకంలోనే లినక్స్‌తో కూడిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారాయి, పాఠ్యపుస్తకం, ఉపాధ్యాయ శిక్షణ, పరీక్ష అన్నీ దానిమీదే నడిచాయి. మ్యూనిక్ ఉద్యోగులు వేరే సిస్టమ్‌మీద ఏళ్ల అలవాటుతో వచ్చినవారు, పైగా ఇతర కార్యాలయాలతో వర్డ్ ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవాల్సినవారు. కేరళ పిల్లలకు చాలామందికి చేతికందిన తొలి సిస్టమ్ అదే.

అలవాటుకు ఇంత విలువ ఇస్తే భద్రత కోసం చేయాల్సిన మార్పులూ ఆగిపోతాయని ఒక ఆక్షేపణ ఉంది. 2007లో విండోస్ విస్టా దీనికి సగం జవాబు చెప్పింది. ప్రతి చిన్న మార్పుకూ అనుమతి అడిగే పెట్టె పదేపదే కనిపించేసరికి, జనం చదవడం మానేసి అలవాటుగా సరేనని నొక్కసాగారు. హెచ్చరిక కూడా అలవాటైపోయాక హెచ్చరికలా పనిచేయదు. అందుకే విండోస్ 7లో ఆ ప్రశ్నలను తగ్గించాల్సి వచ్చింది. అడగడం కన్నా, జరిగిన తప్పును వెనక్కి తీసుకునే దారి ఉంచడం మేలు. చెత్తబుట్ట, కంట్రోల్ జెడ్ ఇన్నేళ్లుగా నిలిచినది ఈ ఉపకారం వల్లే.

తెలుగువారికి ఈ చర్చలో మరో పొర ఉంది. విండోస్‌లో తెలుగు లిపికి గౌతమి ఫాంటుతో చోటు దొరికింది 2001 నాటి ఎక్స్‌పీలో, మాక్‌లో 2011 నాటి లయన్‌లో. లిపి వచ్చినంత మాత్రాన బెడద తీరలేదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అక్షరపు కూర్పులో, కంటికి కనపడని ఒక విభజన సంకేతంతో ఉన్న రూపం ఆపిల్ ఫోన్లలోనూ మాక్‌లలోనూ అప్లికేషన్లను కుప్పకూల్చింది. కొద్ది రోజుల్లోనే ఆపిల్ దాన్ని సరిచేసింది. టైపు చేయడం అంతకన్నా పాత సమస్య. విండోస్ ఇచ్చిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు ఎడమపక్క, హల్లులు కుడిపక్క పద్ధతిగా ఉంటాయి. కమల అని రాయడానికి కె, సి, ఎన్ అనే మూడు మీటలు చాలు. ఇంగ్లిషులో అదే మాటకు ఆరు కావాలి. మీటల లెక్క ఇన్‌స్క్రిప్ట్‌దే గెలుపని చెప్తున్నా, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే లేఖిని వంటి పరికరాలనే జనం పట్టుకున్నారు. చివరికి మైక్రోసాఫ్ట్ కూడా 2019 మే నవీకరణతో విండోస్ 10లో తెలుగు సహా పది భారతీయ భాషలకు ఉచ్చారణ ఆధారిత కీబోర్డులు చేర్చింది. డీటీపీ సెంటర్లలో అను స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఏళ్లుగా పనిచేసిన ఆపరేటరుకు ఈ రెండూ అక్కర్లేదు. అతని వేళ్లకు తెలిసిన లేఅవుట్ వేరు, దాని వేగమూ వేరు. అను ఫాంట్లు యూనికోడ్ కావు కనుక వెబ్‌లో పెట్టాల్సిన పాఠాన్ని కన్వర్టరులో వేసి మార్చి, ఆ మార్పులో చెదిరిన ఒత్తులను చేత్తో సరిదిద్ది పంపుతుంటారు.