సంస్థల సొంత ఈ-మెయిల్ సర్వర్ – ప్రయోజనాలు, బాధ్యతలు

వికారాబాద్ జిల్లా 2016 అక్టోబరు 11న ఆవిర్భవించింది. ఈ జిల్లాలోని తాండూరు పట్టణం నాపరాయికి, సిమెంటుకు, కందిపప్పుకు పేరెన్నికగన్నది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించిన విషయం విదితమే. దూరప్రాంతాల కొనుగోలుదారులతో వ్యాపారం సాగించే సంస్థలకు ఆర్డర్లు, టెండర్లు, బ్యాంకు వివరాలు ఈ-మెయిల్ ద్వారా అందడం పరిపాటి. ఒక్క లేఖ చేరకున్నా గడువు దాటిపోగలదు. ఒక్క నకిలీ లేఖను విశ్వసించినా సొమ్ము పరుల ఖాతాకు చేరగలదు. ఈ దృష్ట్యా ఈ-మెయిల్ సర్వర్‌ను సంస్థ ప్రాంగణంలోనే నెలకొల్పుకొనే అంశం పరిశీలించదగినది.

ప్రయోజనాలు: లేఖలన్నీ సంస్థ అధీనంలోనే ఉంటాయి. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా లభ్యమవుతాయి. గంటసేపు విద్యుత్తు నిలిచినంత మాత్రాన లేఖలు నష్టపోవు. పంపిన సర్వర్ కొన్ని రోజులపాటు మళ్లీ మళ్లీ ప్రయత్నించే ఏర్పాటు ఈ-మెయిల్ విధానంలోనే ఉన్నది.

కావలసిన ఏర్పాట్లు: సంస్థ పేరిట డొమైన్, మారని ఐ.పి. చిరునామా, ఆ చిరునామాకు సరిపోలే పేరు నమోదు తప్పనిసరి. సాధారణ ఇంటర్నెట్ కనెక్షన్లలో లేఖలు పంపే 25వ నంబరు పోర్టును సేవాదారులు మూసి ఉంచడం కద్దు. పంపినవారు అసలైనవారేనని నిర్ధారించే ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డి.ఎమ్.ఎ.ఆర్.సి. నమోదులు కూడా ఆవశ్యకం. రోజుకు 5,000కు పైగా లేఖలు పంపేవారికి ఈ మూడింటినీ జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి చేసింది. ఇవి లోపించినచో లేఖలు స్పామ్‌లో పడటమో, తిరస్కరణకు గురికావడమో జరుగుతుంది.

భద్రత: సంస్థలు స్వయంగా నడుపుకొంటున్న ఎక్స్ఛేంజ్ సర్వర్లలోని లోపాలను ఆసరాగా చేసుకొని 2021లో ప్రపంచవ్యాప్తంగా దాడులు జరిగాయి. మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 2న సవరణలు విడుదల చేసింది. ఆ కంపెనీ తానే నిర్వహించే ఆన్‌లైన్ సేవకు ఈ లోపాలు వర్తించకపోవడం గమనార్హం. సవరణలను సకాలంలో అమర్చే బాధ్యత సర్వర్ యజమానిదేనని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

చట్టపరమైన అంశాలు: సమాచార సాంకేతిక చట్టం, 2000 ఎలక్ట్రానిక్ రికార్డులకు గుర్తింపు కల్పించింది. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలి. సర్వర్ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఈ నిబంధనలు కంపెనీలకూ వర్తిస్తాయి.

సర్వర్‌ను అనుదినం పర్యవేక్షించే నిపుణుడు, వేరొక చోట భద్రపరచిన బ్యాకప్, యు.పి.ఎస్. ఉన్న సంస్థలకు సొంత సర్వర్ అనుకూలం. ఆ వసతి లేని చిన్న పాలిషింగ్ యూనిట్లు, పప్పు మిల్లులు సర్వర్ నిర్వహణను సేవాసంస్థకు అప్పగించి, డొమైన్‌ను మాత్రం తమ పేరిటనే ఉంచుకొనుట శ్రేయస్కరం. డొమైన్ తమదైనప్పుడు సేవాసంస్థను మార్చినా చిరునామా మారదు. ఏ విధానమైనా, బ్యాంకు ఖాతా మారినదని లేఖ వచ్చినచో ముందుగా తెలిసిన నంబరుకు ఫోను చేసి ధ్రువపరచుకొన్న తరువాతనే చెల్లింపు జరపాలి.