మనోదేహ వ్యాయామాలు – కేన్సర్ నుంచి కోలుకున్నవారిలో రోగనిరోధక శక్తి

శరీర కదలిక, శ్వాస, ఏకాగ్రత కలిసి సాగే సాధనలను మనోదేహ వ్యాయామాలంటారు. యోగా, చైనాలో పుట్టిన తాయ్ చీ, చీగాంగ్ ఈ కోవలోవి. కేన్సర్ చికిత్స ముగిశాక కూడా చాలామందిని నిస్సత్తువ, నిద్రలేమి వెన్నాడతాయి. ఈ ఇబ్బందులకూ, శరీరంలో సద్దుమణగని ఇన్‌ఫ్లమేషన్‌కూ (రోగనిరోధక వ్యవస్థ రేపే వాపు ప్రతిస్పందనకూ) సంబంధం ఉంది. ఈ వ్యాయామాలతో ఒత్తిడి తగ్గి, నిద్ర కుదుటపడితే ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే సంకేతాలు నెమ్మదిస్తాయని భావిస్తారు.

పరిశోధన: అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం రొమ్ము కేన్సర్ నుంచి బయటపడిన 200 మంది మహిళలపై జరిపిన అధ్యయనం 2014లో వెలువడింది. ఒక వర్గం వారానికి రెండుసార్లు, 90 నిమిషాల చొప్పున 12 వారాలు హఠయోగం చేసింది. శిక్షణ ముగిసిన వెంటనే యోగా చేసినవారికీ, చేయనివారికీ మధ్య అలసటలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడు నెలలకు మాత్రం యోగా వర్గంలో అలసట తగ్గింది. ప్రయోగశాలలో వారి రక్తకణాలను ప్రేరేపించగా ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే సంకేతాలైన ఐఎల్-6, ఐఎల్-1 బీటా, టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే సైటోకైన్‌లు తక్కువగా వెలువడ్డాయి.

పరిమితులు: ఈ సాధనలు కేన్సర్ తిరగబెట్టకుండా ఆపుతాయని రుజువు కాలేదు. ఎముకలకు కేన్సర్ పాకినవారు, చేతివాపు ఉన్నవారు వైద్యుల సలహాతోనే మొదలుపెట్టాలి. ఇవి చికిత్సకు తోడే తప్ప ప్రత్యామ్నాయం కావు.